కడుపుతో ఉన్న అమ్మాయికి షుగర్ వచ్చిందంటే వంటింట్లో ఏం మార్చాలి

నేను విశాఖలో ప్రసూతి వార్డుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. మర్రిపాలెంలో ఉంటాం. పోయిన వేసవిలో మా కోడలికి ఆరో నెలలో షుగర్ బయటపడింది. డాక్టరు గదిలో ఐదు నిమిషాల్లో చెప్పిన మాట ఇంటికొచ్చాక గిన్నెలోకి, కంచంలోకి ఎలా దిగాలో ఇక్కడ రాస్తున్నాను. కడుపుతో ఉన్న అమ్మాయిలు చదవండి. అంతకంటే ముఖ్యంగా, ఆ ఇంట్లో గరిట పట్టుకునే అమ్మలు, అత్తలు చదవండి. మీ చేతిలోనే చాలా ఉంది.

ముందు ఒక మాట. ఈ షుగర్ ఆ పిల్ల స్వీట్లు తినడం వల్ల వచ్చింది కాదు. నెలలు నిండేకొద్దీ మాయ కొన్ని హార్మోన్లు తయారుచేస్తుంది. అవి తల్లి ఒంట్లో ఇన్సులిన్‌ని సరిగ్గా పనిచెయ్యనివ్వవు. చాలామందికి క్లోమం ఇంకాస్త ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి సర్దుకుంటుంది, కొందరికి ఆ శక్తి చాలదు. అమ్మకో నాన్నకో షుగర్ ఉండటం, పీసీఓడీ, బరువు ఎక్కువగా ఉండటం, వయసు, ముందు కాన్పులో బాగా బరువున్న బిడ్డ పుట్టడం, ఇవన్నీ అవకాశాన్ని పెంచుతాయి. ఇవేవీ లేనివాళ్లకీ వస్తుంది. అందుకని "మా వైపు ఎవరికీ లేదు, మీ వైపు నుంచే వచ్చింది" అనే మాట ఇంట్లో పుట్టనివ్వకండి. ఆ అమ్మాయి ఏడుస్తూ కూర్చుంటే అన్నం సరిగ్గా తినదు, నిద్రపోదు. రెండూ లేకపోతే షుగర్ ఇంకా పెరుగుతుంది.

పరీక్ష సంగతి

నెల తప్పాక మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి పరీక్ష చెయ్యాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మొదటిది బాగుందని రెండోది మానేసేవాళ్లు చాలామంది. మాయ బలంగా పనిచేసేది రెండో సగంలోనే కాబట్టి అసలు సంగతి తేలేది ఆ రెండో పరీక్షలోనే.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేసే పద్ధతి తేలిక. పరగడుపున రానక్కర్లేదు. 75 గ్రాముల గ్లూకోజు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఇస్తారు. ఐదు పది నిమిషాల్లో తాగెయ్యాలి, తాగడం మొదలుపెట్టిన రెండు గంటలకి రక్తం తీస్తారు. 140 గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భిణీ షుగర్ ఉన్నట్టే. దూరం నుంచి బస్సులో వచ్చే గర్భిణులు ఖాళీ కడుపుతో నీరసించిపోకుండా ఈ ఒక్క పరీక్ష చాలని నిలబడినవారు చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్య. ఆయన పుట్టినరోజు మార్చి 10నే దేశంలో గర్భిణీ మధుమేహ అవగాహన దినంగా జరుపుతున్నారు. ప్రైవేటులో కొందరు పరగడుపున ఒకటి, గ్లూకోజు తాగాక గంటకి, రెండు గంటలకి రెండు, మొత్తం మూడుసార్లు తీస్తారు. అందులో 92, 180, 153 హద్దులు. ఏ ఒక్కటి చేరినా ఉన్నట్టే. రెండూ సరైన పద్ధతులే. పక్కింటి అమ్మాయి రిపోర్టుతో పోల్చుకుని టెన్షన్ పడొద్దు.

ఆ గ్లూకోజు నీళ్లు గొంతు దిగడం కష్టం. చల్లగా ఉంటే కాస్త నయం. తాగిన అరగంటలోపు వాంతి అయితే ఆ రోజుకి పరీక్ష లెక్కలోకి రాదు, మర్నాడు మళ్లీ రావాలి. అరగంట దాటాక అయితే కొనసాగించవచ్చు. ఆ రెండు గంటలూ అక్కడే కూర్చోవాలి. టిఫిన్ తినేసి, బజారు పని చూసుకుని వస్తే వచ్చేది తప్పు అంకె. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి డాక్టర్లు ఉచితంగా చూస్తారు, ఆశా కార్యకర్తని అడిగితే తీసుకెళ్తుంది.

ఒకవేళ రెండు గంటల అంకె 200 దాటి ఉంటే, అది కడుపు రాకముందు నుంచే ఉన్న షుగర్ కావచ్చు. అప్పుడు కళ్లు, కిడ్నీలు కూడా చూపించాలి. ఇంటి పథ్యంతో కాలం గడపకూడదు.

దేనికింత జాగ్రత్త

తల్లి రక్తంలో షుగర్ మాయ దాటి బిడ్డకి వెళ్తుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. అంత షుగర్ ఒక్కసారి వచ్చిపడేసరికి బిడ్డ తన క్లోమంతోనే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసుకుంటుంది. దాంతో ఒళ్లు చేస్తుంది, ముఖ్యంగా భుజాల దగ్గర. కాన్పులో తల బయటికొచ్చి భుజాలు ఇరుక్కుపోతే లేబర్ రూములో ఆ రెండు మూడు నిమిషాలు ఎవరం ఊపిరి పీల్చుకోం. బిడ్డ చెయ్యి నరాలు దెబ్బతినొచ్చు, ఎముక విరగొచ్చు. అందుకే "మా మనవడు నాలుగున్నర కిలోలు" అని మురిసిపోయే ముందు తల్లి షుగర్ ఎంతుందో అడగాలి.

బొడ్డు కోశాక ఇంకో కథ. తల్లి నుంచి వచ్చే షుగర్ అక్కడితో ఆగిపోతుంది. బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం ఇంకా ఎక్కువగానే ఉంటుంది. దాంతో పుట్టిన గంటా రెండు గంటల్లో బిడ్డ షుగర్ పడిపోవచ్చు. చేతులు వణుకుతాయి, ఒళ్లు మెత్తబడిపోతుంది, పాలు పట్టదు, కొందరు పిల్లల్లో ఏ గుర్తూ కనపడదు. అందుకే మడమ మీద చిన్న సూది పొడిచి పదే పదే చూస్తారు. 45కి దిగువకి వస్తే వెంటనే పట్టించుకుంటారు. "పసిబిడ్డని అన్నిసార్లు పొడుస్తారేమిటి" అని నర్సు మీద కోప్పడకండి. ఊపిరి ఆయాసం, పసిరికలు కూడా ఈ పిల్లల్లో ఎక్కువ.

తల్లికేమో బీపీ పెరగడం, ఉమ్మనీరు ఎక్కువవడం, ఆపరేషన్ అవసరం పడటం. బీపీ ముదిరితే మన పెద్దలు గుర్రపు వాతం అనే ఫిట్స్. షుగర్ బొత్తిగా అదుపులో లేకపోతే నెలలు నిండే ముందు బిడ్డ కడుపులోనే పోయే ప్రమాదమూ ఉంది. భయపెట్టడానికి చెప్పట్లేదు. అదుపులో పెట్టుకుంటే వీటిలో చాలావరకు తప్పించుకోవచ్చు, అదే దీనిలో మంచి విషయం. 9 దేశాల్లో సుమారు 23 వేల మంది గర్భిణులని చూసి 2008లో వెలువరించిన హాపో అధ్యయనంలో తేలిందేమిటంటే, తల్లి షుగర్ కొంచెం పెరిగినా బిడ్డకి ముప్పు కొంచెం పెరుగుతూనే ఉంటుంది. అంటే మీరు దించిన ప్రతి పది పాయింట్లూ ఆ బిడ్డకి మేలే.

కంచం

రిపోర్టు రాగానే చాలా ఇళ్లల్లో చేసేది అన్నం మాన్పించేసి రెండు పుల్కాలు పడెయ్యడం. అలా చెయ్యకండి. కడుపుతో ఉన్నవాళ్లకి రోజుకి కనీసం 175 గ్రాముల పిండిపదార్థం ఉండాలి. పస్తుంటే ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లు తయారవుతాయి, అవి బిడ్డకి మంచివి కావు. "ఇద్దరి తిండి తినాలి" అన్నదీ తప్పే, నోరు కట్టేసుకోవడమూ తప్పే. మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడు చిరుతిళ్లు. ఒకేసారి కుప్ప పొయ్యకుండా పంచి పెట్టడమే మొత్తం కిటుకు.

అన్నిటికన్నా మొండిది పొద్దుటి టిఫిన్. తెల్లవారుజామున పెరిగే హార్మోన్ల వల్ల ఆ పూట షుగర్ తొందరగా ఎగబాకుతుంది. మధ్యాహ్నం సరిపడినంత పొద్దున పడదు. మా కోడలు మూడు ఇడ్లీలు, కొబ్బరి పచ్చడితో తిన్న రోజు మీటరు 150 దాటేది. రెండు పెసరట్లు, ఉడికిన గుడ్డు పెట్టిన రోజు 115 దగ్గర ఆగేది. పెసరట్టులో ఉప్మా పెట్టకండి, అది పిండి మీద పిండి. పక్కన వేసే అల్లం పచ్చడిలో బెల్లం ఎంత పడుతుందో మీకు తెలుసు. నేను చింతపండు, ఎండుమిర్చి, అల్లం, ఉప్పు వరకే నూరి, చివర్లో కొంచెం వేయించిన మినప్పప్పు కలిపేదాన్ని. పిల్ల వారంలో అలవాటు పడింది.

బెల్లం దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. మన ఉత్తరాంధ్ర వంటలో బెల్లం కనపడకుండా ఉంటుంది. దప్పళంలో ఉంటుంది, ముక్కల పులుసులో ఉంటుంది, సాంబారులో చిటికెడు, గుమ్మడికాయ కూరలో గుప్పెడు. "తీపి ఏమీ పెట్టలేదు, షుగర్ ఎందుకు పెరిగింది" అని అడిగే ఇంట్లో పులుసు గిన్నె చూస్తే జవాబు దొరుకుతుంది. అనకాపల్లి బెల్లమైనా, పంచదారైనా, తేనైనా రక్తంలోకి వెళ్లాక ఒకటే. ఇంట్లో అందరికీ ఒకే పులుసు, బెల్లం లేకుండా కాయండి. ఆ పిల్లకి విడిగా చప్పిడి వండి పెట్టడం కన్నా అది గౌరవం.

చోడిపిండి, అంటే రాగిపిండి గురించి అందరూ అడుగుతారు. చోళ్లలో పీచు, కాల్షియం ఉన్నాయి, మంచివే. కానీ మెత్తగా కాచిన అంబలి పెద్ద గ్లాసుడు తాగితే తొందరగా అరిగి షుగర్ పెంచేస్తుంది. అదే పిండితో ఉల్లిపాయ, మునగాకు కలిపి రొట్టె కాల్చితే నెమ్మదిగా పెరుగుతుంది. అంబలే కావాలంటే చిన్న గ్లాసు, మజ్జిగ కలిపి, పక్కన గుప్పెడు వేరుశెనగ గింజలు.

మధ్యాహ్నం ఒక చిన్న కప్పుతో అన్నం కొలిచి పెట్టండి. అదే కప్పు రోజూ. కంచంలో ముందు సగం కూర పడాలి. ఆనపకాయ, బీరకాయ, దొండకాయ, వంకాయ, తోటకూర, బచ్చలి, ఏదైనా సరే, దుంపలు తప్ప. పావు వంతు పప్పో చేపో గుడ్డో. మిగిలిన పావులో అన్నం. ముందు కూర, పప్పు నాలుగు ముద్దలు తిని ఆ తర్వాత అన్నం కలుపుకోమనండి, అంకెలో తేడా మీరే చూస్తారు. విశాఖలో ఉండి చేప తినకపోవడమేమిటి! నెత్తళ్లు, కానాగడతలు, కవళ్లు పులుసు పెట్టండి, వేపుడు తగ్గించండి. సొరచేప మాత్రం వద్దు, పెద్ద వేట చేపల ఒంట్లో పాదరసం పేరుకుంటుంది. కాన్పయ్యాక పాలు పడతాయని పాలసొర తెచ్చే అలవాటుకి కూడా ఇదే మాట. బీపీ ఉంటే ఎండుచేపలు మానండి.

వేసవిలో మామిడిపండు చూసి ఏ గర్భిణికి మనసు లాగదు? భోజనం మీద భోజనంలా పండు పెట్టకుండా, సాయంత్రం చిరుతిండి బదులు రెండు చిన్న ముక్కలు ఇవ్వండి. జ్యూస్ వద్దు. పనస తొనలు, సపోటా, ద్రాక్ష కూడా మామిడి లెక్కే. జామకాయ, నేరేడు, బత్తాయి తొనలు హాయిగా తినొచ్చు. కొబ్బరినీళ్లలోనూ చక్కెర ఉంటుంది, మంచినీళ్లలా రోజూ తాగేది కాదు. గర్భిణుల కోసమని డబ్బాల్లో అమ్మే పాలపొడుల వెనక చీటీ చదవండి, చక్కెర ఎంతో రాసి ఉంటుంది. సాయంత్రం బీచ్‌కి వెళ్లినప్పుడు మురీ మిక్చర్ గుప్పెడు తింటే తప్పు లేదు, వేరుశెనగలు, ఉల్లిపాయ ఎక్కువ వెయ్యమని చెప్పండి. రాత్రి పడుకోబోయే ముందు చక్కెర లేని పాలు ఒక గ్లాసు. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉండకుండా అది కాపాడుతుంది.

ఈ పరీక్ష ఆరు ఏడు నెలల్లో వస్తుందని చెప్పాను కదా, సరిగ్గా అప్పుడే మన ఇళ్లల్లో శ్రీమంతం. చలిమిడి, అరిసెలు, లడ్డూలతో సారె వస్తుంది. వేడుక ఆపక్కర్లేదు. ఒళ్లో చలిమిడి పెట్టాలి, నోట్లో ముద్దలు ముద్దలు పెట్టాలని ఎక్కడా లేదు. వచ్చిన ముత్తయిదువులు తలా ఒక చెంచా పాయసం తినిపించేలోపే మీరు పక్కన నిలబడి పళ్లెంలో జామముక్కలు, వేయించిన శెనగలు పెట్టండి. పుట్టింటికి పురిటికి పంపేటప్పుడు చీరలతో పాటు మీటరు, షుగర్ రాసిన పుస్తకం, అన్నం కొలిచే ఆ కప్పు కూడా సంచిలో పెట్టండి. వియ్యపురాలికి ఫోనులో కాదు, ఎదురుగా కూర్చుని చెప్పండి.

తిన్నాక పది పదిహేను నిమిషాలు నడక. రోజుకోసారి అరగంట నడవడం కన్నా ప్రతి భోజనం తర్వాత కాసేపు నడవడం ఎక్కువ పనిచేస్తుంది. విశాఖ ఉక్కలో ఎండలోకి వెళ్లక్కర్లేదు, డాబా మీద పొద్దు వాలాక, లేదా వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి చాలు. రక్తం కనిపించినా, మాయ కిందికి ఉందన్నా, నొప్పులు వస్తున్నా డాక్టరు చెప్పేదాకా నడక వద్దు.

మీటరు, సూది

పరగడుపున 95 లోపు, తిన్న గంటకి 140 లోపు, రెండు గంటలకి 120 లోపు. ఈ మూడు అంకెలు ఫ్రిజ్ మీద రాసి అంటించండి. గంటలు లెక్కపెట్టేది మొదటి ముద్ద నుంచి. వేలికి సబ్బుతో కడిగి తుడుచుకున్నాకే పొడవాలి. మామిడిపండు కోసిన చేత్తో పొడిస్తే మీటరు 200 చూపించి ఇల్లంతా గోల పెట్టిస్తుంది. వేలి కొస మధ్యలో కాకుండా పక్కన పొడిస్తే నొప్పి తక్కువ. మన ఊరి గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించాలి, లేకపోతే అంకెలు తప్పుతాయి. అంకె పక్కన ఏం తిన్నారో రాయండి. ఆ పుస్తకం డాక్టరుకి బంగారం.

రెండు వారాలు ఇలా చేశాక కూడా రెండు గంటల అంకె 120 దిగకపోతే డాక్టరు మెట్‌ఫార్మిన్ మాత్రలో ఇన్సులినో మొదలుపెడతారు. ఇన్సులిన్ అనగానే ఇంట్లో ఏడుపులు. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం అన్నది ఇక్కడ నిజం కాదు. ఎక్కువమందికి మాయ బయటికి రాగానే దాని అవసరం తీరిపోతుంది, బిడ్డకీ అది చేరదు. అవసరమైనప్పుడు వద్దనడమే బిడ్డకి నష్టం.

ఒక్క విషయం చాలా జాగ్రత్త. సీసాలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లు, పెన్నులో వచ్చేది ఎక్కువగా 100. సీసా మీద 40 అని ఉంటే సిరంజి మీద కూడా 40 అనే ఉండాలి. షాపులో ఇచ్చింది తెచ్చేసుకోకుండా రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. తేడా వస్తే మోతాదు రెండున్నర రెట్లు మారిపోతుంది. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టాలి, గడ్డకట్టే చోట వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు చాలా ఇళ్లల్లో ఇన్సులిన్‌ని కాపాడింది మట్టికుండ. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, దానిలో సీసాని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంచి, పైన తడిగుడ్డ కప్పేవాళ్లు. తుపాను హెచ్చరిక వినగానే ఇది సిద్ధం చేసుకోండి.

సూది వేసుకునేవాళ్లకి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే షుగర్ చూడాలి. 70 లోపు ఉంటే మూడు చెంచాల గ్లూకోజు గ్లాసు నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూసి, తర్వాత ఏదైనా తినిపించండి. మీటరు దొరక్కపోతే ముందు తాగించేయండి.

ఏడో నెల దాటాక బిడ్డ కదలికలు గమనిస్తూ ఉండాలి. మామూలు కన్నా తగ్గాయనిపించినా, తలనొప్పి, కళ్లు మసకలు, మొహం వాపు వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చెయ్యండి. కాన్పు చేయించే చోటు పుట్టిన పిల్లల్ని చూసుకునే ప్రత్యేక వార్డు ఉన్న ఆసుపత్రి అయి ఉండాలి. విశాఖలో కె.జి.హెచ్. (కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆసుపత్రి)లో ఆ వార్డు ఉంది. ప్రైవేటుకి వెళ్తే చేరకముందే ఈ ప్రశ్న అడగండి.

కాన్పయ్యాక

పుట్టిన గంటలోపే బిడ్డని తల్లి గుండెల మీద పడుకోబెట్టి ముర్రుపాలు పట్టించాలి. బిడ్డ షుగర్ పడిపోకుండా ఆపే మొదటి మందు అదే. తేనె నాకించడం, ఆముదం, పంచదార నీళ్లు, ఏదీ వద్దు. రెండు మూడు గంటలకోసారి నిద్రలేపైనా పాలివ్వాలి. బాలింతకి చేసే కాయంలో కూడా బెల్లం ఉంటుందని గుర్తుపెట్టుకోండి. పాలివ్వడం తల్లికి కూడా ముందు ముందు షుగర్ ముప్పుని తగ్గిస్తుంది.

ఇక అందరూ వదిలేసే పని. ఆరు వారాలకి తల్లికి మళ్లీ పరీక్ష. ఈసారి పరగడుపున ఒకటి, 75 గ్రాముల గ్లూకోజు తాగాక రెండు గంటలకి ఒకటి. రెండో అంకె 140 లోపు ఉంటే సరే, 140 నుంచి 199 దాకా ఉంటే హద్దు మీద ఉన్నట్టు, 200 అయితే షుగర్. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకి తర్వాతి జీవితంలో మధుమేహం వచ్చే ముప్పు ఏడు నుంచి పది రెట్లు ఎక్కువని పెద్ద అధ్యయనాలు లెక్కగట్టాయి. బాగుందని వచ్చినా ఏడాదికోసారి చూపించుకోవాలి, మళ్లీ కడుపొస్తే మొదటి నెలల్లోనే చెప్పాలి. బిడ్డకి వేసే ఆరు వారాల టీకా తేదీని ఎవరూ మర్చిపోరు కాబట్టి, ఆ టీకా కార్డు మీదే తల్లి పరీక్ష అని పెన్నుతో రాసిపెట్టండి. ఆ పొద్దున తల్లి ఏమీ తినకుండా బయల్దేరాలి, మీరు వెంట వెళ్లి ఆ రెండు గంటలూ బిడ్డని ఎత్తుకోండి, టిఫిన్ డబ్బా కట్టి పట్టుకెళ్లండి.